సదాపాకు: కుండీలో పెంచుకోవచ్చు, పసిబిడ్డ నోట్లో మాత్రం పోయకండి

సదాపాకు మొక్క మన పల్లెల్లో కొన్ని ఇళ్ల ముందు కుండీలోనో, తులసి కోట పక్కనో కనిపిస్తుంది. ఆకులు నీలం కలిసిన బూడిద రంగులో ఉంటాయి. తాకితే చేతికి అంటిన ఘాటు వాసన చాలాసేపు వదలదు. పసిపిల్లలకు జలుబు చేసినా, ఫిట్స్ వచ్చినా ఈ ఆకు రసం చుక్కలుగా పోయడం, ఆకు వేసి కాచిన నూనె ఒంటికి రాయడం పెద్దవాళ్ల నుంచి వస్తున్న అలవాటు. పాములు రావని గుమ్మం దగ్గర పెంచేవారూ ఉన్నారు. ఔషధ పంటగా ఎకరంలో వేస్తే గిట్టుబాటు అవుతుందా అని అడిగే రైతులూ ఉన్నారు.

ఈ మొక్కలో మందు గుణం ఉన్న మాట నిజం. ఆ గుణం ఇచ్చే పదార్థాలే ఎండ తగిలితే చర్మాన్ని కాల్చగలవు, గర్భిణికి ప్రాణం మీదికి తేగలవు. కాబట్టి ఏ వాడకానికి ఆధారం ఉంది, ఏ వాడకాన్ని వెంటనే మానాలి అన్నది ఇంట్లో అందరికీ తెలియాలి. ముఖ్యంగా పసిబిడ్డ ఉన్న ఇంట్లో.

మొక్కను గుర్తుపట్టడం

దీని శాస్త్రీయ నామం రూటా గ్రేవియోలెన్స్. గ్రేవియోలెన్స్ అంటే లాటిన్‌లో ఘాటైన వాసన గలది అని అర్థం. రెండు మూడు అడుగుల ఎత్తు పెరిగే బహువార్షిక మొక్క. మొదలు కొయ్యలా గట్టిపడుతుంది. ఆకు చిన్న చిన్న చెంచాల్లాంటి భాగాలుగా చీలి ఉంటుంది. పూలు పసుపు. గుత్తిలో నడుమ ఉన్న పువ్వుకు ఐదు రేకులు, మిగతా వాటికి నాలుగే ఉంటాయి. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సూది మొనల్లాంటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. నిమ్మ, నారింజ, కరివేపాకు ఆకుల్లో కూడా ఇవే చుక్కలు చూడవచ్చు, ఎందుకంటే ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు.

పూరేకుల అంచు కుచ్చులా చీలి ఉంటే అది దగ్గరి బంధువైన రూటా చలెపెన్సిస్. నర్సరీల్లో రెండింటినీ సదాపాకు అనే అమ్ముతారు. కింద చెప్పే జాగ్రత్తలు రెండింటికీ వర్తిస్తాయి. దిష్టి తీయడానికి నిప్పుల మీద వేసే హర్మల్ గింజలను ఇంగ్లీషు పుస్తకాల్లో అడవి రూ అని రాస్తారు కానీ ఆ మొక్క వేరు, అందులోని పదార్థాలూ వేరు.

ఎక్కడి మొక్క, ఎలా వాడారు

ఇది మన దేశం మొక్క కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దక్షిణ ఐరోపా ప్రాంతం, ముఖ్యంగా బాల్కన్ దేశాల రాతి నేలలు దీని పుట్టిల్లు. అరబ్బీ, పారసీ భాషల్లో దీన్ని సదాబ్, సుదాబ్ అంటారు. యునానీ వైద్యంలో ఈ పేరే వాడుక. మన సదాప అన్న మాట కూడా ఆ దారినే వచ్చింది.

రోమన్లు దీన్ని వంటలో కూడా వేసేవారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత దీని ఉపయోగాలు పేజీల కొద్దీ రాశాడు. చిత్రకారులు, చెక్కడం పనివారు కంటిచూపు కోసం దీన్ని తినేవారని చెప్పాడు. పాంటస్ రాజు మిత్రిడేట్స్ విషానికి విరుగుడుగా రెండు ఎండు అక్రోట్లు, రెండు అంజీర పళ్లు, ఇరవై సదాపాకులు ఉప్పుతో నూరి తీసుకునేవాడని కూడా ఆయనే రాశాడు. ఇప్పటికీ ఇటలీలో గ్రాపా అనే సారా సీసాలో ఒక రెమ్మ వేస్తారు. ఇథియోపియాలో కాఫీలో చిన్న రెమ్మ ముంచి తాగుతారు.

ఇన్ని వేల ఏళ్లు వాడారు కదా, ఇక భయమెందుకు అనిపించవచ్చు. అదే ప్లినీ, గర్భిణులు దీన్ని ఆహారంలో తగలనివ్వకూడదు, పిండం చనిపోతుందని హెచ్చరించాడు. అదే కాలానికి చెందిన గ్రీకు వైద్యుడు డయాస్కోరిడిస్, కొండల్లో పెరిగే రకాన్ని కోసేటప్పుడు చర్మం ఎర్రబడి వాచిపోతుందని, ముందే నూనె పట్టించుకోవాలని రాశాడు. అంటే ఆ పాతవాళ్లకు మందూ తెలుసు, ప్రమాదమూ తెలుసు. మన దాకా మందు వచ్చింది కానీ హెచ్చరిక రాలేదు.

ఆకులో ఏముంది

రూటిన్ అనే పదార్థాన్ని మొదటిసారి వేరు చేసింది ఈ మొక్క నుంచే, 1842లో. అందుకే దానికి ఆ పేరు. రక్తనాళాలకు మంచిదని బిళ్లల రూపంలో అమ్మే రూటిన్ ఇదే. అయితే ఇప్పుడు దాన్ని ఎక్కువగా వేరే మొక్కల నుంచి తీస్తారు, రూటిన్ కోసం సదాపాకు తినాల్సిన పనిలేదు.

ఘాటు వాసన ఇచ్చే నూనెలో ప్రధానమైనది 2-అన్‌డెకనోన్. ఇది దోమలను దూరంగా ఉంచుతుంది. అమెరికాలో దోమల నివారణ మందుల్లో వాడేందుకు దీనికి అనుమతి ఉంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. సోరాలెన్, బెర్గాప్టెన్ వంటి ఫ్యూరనోకౌమరిన్లు. బొల్లి మచ్చలకు వాడే బావంచాల గింజల్లో ఉండేది కూడా సోరాలెనే. ఈ పదార్థాలు చర్మంలోకి వెళ్లాక ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మ కణాలను దెబ్బతీస్తాయి. బొల్లికి డాక్టర్లు ఇదే గుణాన్ని కొలిచిన మోతాదులో, కొలిచిన వెలుతురులో వాడతారు. ఇంటి ముందు ఆకుకు కొలత లేదు. మొక్క వయసు, పూత దశ, కాలాన్ని బట్టి ఆకులో ఈ పదార్థాల మోతాదు మారిపోతుంది.

ఎండలో కోస్తే బొబ్బలు

ఇది అలర్జీ కాదు. అలర్జీ అయితే కొందరికే వస్తుంది. ఇది తగినంత రసం, తగినంత ఎండ తగిలితే ఎవరికైనా వస్తుంది. మోసం ఏమిటంటే, కోసేటప్పుడు ఏమీ తెలియదు. ఒక రోజు గడిచాక చర్మం ఎర్రబడి మంట మొదలవుతుంది. రెండు మూడు రోజులకు నీటి బొబ్బలు లేస్తాయి. అవి మానినా నల్లటి మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. ఆ మచ్చలు చేతి మీద చారల్లా, రసం కారిన దారిలో ఉంటాయి కాబట్టి వేడి నూనె పడిందనో, ఏదో పురుగు పాకిందనో అనుకుంటారు. మొన్న కోసిన సదాపాకు ఎవరికీ గుర్తుకు రాదు. దోమలు కుట్టకుండా ఆకును ఒంటికి రుద్దుకుని ఎండలోకి వెళ్లి బొబ్బలతో ఆసుపత్రికి చేరినవారి గురించి విదేశీ వైద్య పత్రికల్లో వచ్చింది.

అందుకని కొమ్మలు కత్తిరించే పని పొద్దు గూకాక పెట్టుకోండి. పొడుగు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు వేసుకోండి. రసం తగిలితే వెంటనే సబ్బుతో కడిగి, రెండు మూడు రోజులు ఆ చోటును గుడ్డతో కప్పి ఉంచండి. బొబ్బలు చిదమవద్దు. పెద్దవిగా ఉంటే, ముఖం మీద వస్తే, పిల్లలకు వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. నిమ్మకాయలు పిండే పని చేసేవారికీ తొక్క నూనె వల్ల ఇలాంటి మచ్చలే వస్తాయి. నిమ్మ రైతులు ఈ సంగతి కూలీలకు చెప్పడం మంచిది.

పసిబిడ్డల విషయం

మొదట ఒంటికి రాసే నూనె సంగతి. మన దగ్గర పసిబిడ్డకు నూనె మర్దన చేసి, లేత ఎండలో కాసేపు పడుకోబెట్టడం అలవాటు. ఆ నూనెలో సదాపాకు వేసి కాచి ఉంటే, పైన చెప్పిన రసం, ఎండ రెండూ బిడ్డ లేత చర్మం మీద కలుస్తాయి. పొద్దున్నే వచ్చే ఎండలో కూడా ఆ కిరణాలు ఉంటాయి. కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. మర్దన మంచిదే, మామూలు కొబ్బరి నూనెతో చేయండి. సదాపాకు వద్దు.

ఇక నోట్లో పోసే రసం. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదని డాక్టర్లు చెబుతారు. ఇంత ఘాటైన రసం ఆ బిడ్డ కడుపును, కాలేయాన్ని ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. "మా పిల్లలందరికీ పోశాం సార్, అందరూ బాగానే ఉన్నారు" అని నాయనమ్మలు అంటారు. వాళ్ల ప్రేమను తప్పుపట్టలేం. కానీ జలుబు చేసిన బిడ్డల్లో చాలామంది ఏమీ పోయకపోయినా కొన్ని రోజుల్లో కోలుకుంటారు, ఆ పేరు ఆకుకు వస్తుంది. కోలుకోని బిడ్డ విషయంలో మాత్రం ఆకు మీద నమ్మకంతో గడిచిన ఆ రెండు రోజులే ప్రాణాంతకం అవుతాయి.

జలుబు చేసిన బిడ్డలో చూడాల్సింది శ్వాస. బిడ్డ నిద్రలోనో, నెమ్మదిగానో ఉన్నప్పుడు గడియారం పెట్టి ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే అది న్యుమోనియా కావచ్చు. పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు తాగడం మానేసినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆశా కార్యకర్తకు ఈ లెక్క నేర్పారు, ఆమెను పిలవండి.

ఫిట్స్ వచ్చినప్పుడు రసం పోయడం ఇంకా ప్రమాదం. ఆ సమయంలో బిడ్డ మింగలేదు. పోసిన చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, వేలు, మందు ఏదీ పెట్టకండి. ఎన్ని నిమిషాలు వచ్చిందో చూసుకుంటూ 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వాటంతట అవి ఆగినా డాక్టరుకు చూపించాల్సిందే. జ్వరం వల్ల వచ్చాయా, మెదడు జ్వరమా, చక్కెర పడిపోయిందా అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఎండబెట్టిన ఆకుతో ధూపం వేయడం కొందరికి అలవాటు. ఏ ఆకు పొగ అయినా పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు చాలు.

ఆడవాళ్లు తెలుసుకోవాల్సింది

నెలసరి రాకపోతే సదాపాకు కషాయం తాగమని ఎవరైనా చెబితే ఎట్టి పరిస్థితుల్లోనూ వినకండి. ఇది గర్భసంచిని రేపుతుంది. గర్భం పోవడానికి సరిపడా మోతాదు, ప్రాణం పోయే మోతాదు వేర్వేరు కావు. దక్షిణ అమెరికాలో దీన్ని రూడా అంటారు. ఉరుగ్వేలో గర్భస్రావం కోసం దాని కషాయం తాగినవారిలో వాంతులు, రక్తస్రావం, కాలేయం, మూత్రపిండాలు పనిచేయకపోవడం, మరణాలు వైద్యులు నమోదు చేశారు. తల్లి బతికినా గర్భం పూర్తిగా పోకపోవచ్చు.

వద్దనుకున్న గర్భానికి మన దేశంలో చట్టబద్ధమైన, సురక్షితమైన దారి ఉంది. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అనుమతి ఉన్న ఆసుపత్రుల్లో చేస్తారు. వివరాలు బయటపెట్టకూడదని ఆ చట్టమే చెబుతుంది. ఎవరికీ తెలియకూడదన్న భయంతోనే కషాయాల జోలికి వెళతారు కాబట్టి ఈ మాట ఇక్కడ రాయాల్సి వచ్చింది.

గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవారు, పాలిచ్చే తల్లులు, కాలేయం, మూత్రపిండాల జబ్బులున్నవారు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు దీన్ని నోటి ద్వారా తీసుకోకూడదు. ఆకు రసం కంట్లో కూడా వేసుకోకూడదు.

మరి దేనికీ పనికిరాదా

జర్మనీలో మూలికల మందుల భద్రతను పరిశీలించిన ప్రభుత్వ నిపుణుల సంఘం, కమిషన్ ఈ, సదాపాకు వాడకానికి ఆమోదం ఇవ్వలేదు. చెప్పే గుణాలకు రుజువు చాలదని, ప్రమాదం తేలిందని దాని కారణం. అమెరికాలో ఆహారంలో వాసన కోసం వేయడానికి అనుమతి ఉంది కానీ పరిమితి పది లక్షల పాళ్లకు 2 పాళ్లు. అంటే వెయ్యి కిలోల పదార్థంలో 2 గ్రాములు. గ్రాపా సీసాలో రెమ్మకూ, గ్లాసెడు కషాయానికీ ఉన్న తేడా ఇక్కడ అర్థమవుతుంది. క్యాన్సర్ కణాల మీద ప్రయోగశాలలో పనిచేసిందని వాట్సాప్‌లో తిరిగే మాట చూసి చికిత్స మానుకోవద్దు. గాజు పాత్రలో కణాన్ని చంపినంత మాత్రాన మనిషికి మందు అయిపోదు.

హోమియోలో బెణుకులకు, కంటి అలసటకు ఇచ్చే రూటా ఈ మొక్కదే. ఎన్నోసార్లు పలుచన చేసిన మాత్రల్లో ఆకు పదార్థం దాదాపు ఉండదు కాబట్టి పైన చెప్పిన విషం భయం వాటికి లేదు. కానీ మదర్ టింక్చర్ అనేది చిక్కటి సారం, దాన్ని సొంతంగా తాగకూడదు.

నా ఉద్దేశంలో ఈ మొక్కకు ఇంట్లో మిగిలే ఉపయోగం వాసనే. ఎండిన రెమ్మలు గుడ్డ సంచిలో కట్టి పిల్లలకు అందని ఎత్తున బీరువాలో పెట్టుకోవచ్చు.

పాములు, పశువులు

పాము నమ్మకం కూడా మొక్కతో పాటు వచ్చినట్టే ఉంది. పాముతో పోరాడే ముందు వీజిల్ అనే ముంగిసలాంటి జంతువు ఈ ఆకు తింటుందని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. ముంగిస ఏదో వేరు తిని పాము మీదికి పోతుందని మనమూ చెప్పుకుంటాం. సదాపాకు వాసనకు పాములు రావనడానికి రుజువు లేదు. పాము వచ్చేది ఎలుకల కోసం. ఇంటి పక్క కట్టెల కుప్ప తీసేసి, ధాన్యం దగ్గర ఎలుకలు లేకుండా చూసుకుని, రాత్రి టార్చి లేకుండా అడుగు పెట్టకపోవడమే రక్షణ.

మేకలు, గొర్రెలకు ఈ ఆకు మేపవద్దు, చూడి పశువులకు అసలే వద్దు. సూడాన్‌లో నూబియన్ జాతి మేకలకు ఈ ఆకు ఇచ్చి చూసినప్పుడు వణుకు, ఆయాసం, కాళ్లు తడబడి పడిపోవడం కనిపించాయి. కత్తిరించిన కొమ్మలు పాకలో కాకుండా గుంటలో పూడ్చండి.

కుండీలో పెంపకం

నీరు నిలిస్తే వేరు కుళ్లి చస్తుంది, దీనికి అదొక్కటే పెద్ద జబ్బు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, అడుగున చిల్లు ఉన్న కుండీలో నాటండి. వానలు తగ్గాక నాలుగైదు అంగుళాల ముదురు కొమ్మ నాటితే నెల, నెలన్నరలో వేరు పట్టుకుంటుంది. పైమట్టి ఆరాకే నీరు పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ ఉంటే మంచిది. కుండీని పిల్లలు ఆడుకునే చోట, దారి అంచున పెట్టకండి.

నిమ్మ సీతాకోకచిలుక దీని మీద కూడా గుడ్లు పెడుతుంది. చిన్న గొంగళి పురుగు పక్షి రెట్టలా, ఎదిగాక ఆకుపచ్చగా ఉంటుంది. సాయంత్రం తొడుగులతో ఏరేస్తే చాలు. పక్కన నిమ్మ మొక్కలుంటే వాటినీ చూడండి.

ఎకరంలో వేయాలనుకునేవారికి

దీనికి కొనేవారు హోమియో మందుల తయారీదారులు, సుగంధ నూనెల వ్యాపారులు మాత్రమే. మార్కెట్ యార్డులో వేలం ఉండదు. మొక్కలు అమ్మే మనిషి తిరిగి కొంటానని నోటిమాటగా చెబితే నమ్మి నాటవద్దు. కొనేవారెవరో, పచ్చి ఆకా, ఎండు ఆకా, ఏ దశలో కోయాలో, ధర ఎంతో రాతపూర్వకంగా తీసుకున్నాకే ముందుకు వెళ్లండి. రూటాలో ఏ జాతి కావాలో కూడా అందులో రాయించండి, చలెపెన్సిస్ పంపితే సరుకు తిరిగి వస్తుంది. సలహా కోసం హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రాన్ని, మీ రాష్ట్ర ఔషధ మొక్కల బోర్డును సంప్రదించవచ్చు. కోత కూలీలకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కాల ఖర్చు, ఉదయం, సాయంత్రం మాత్రమే కోత సాగడం వల్ల పెరిగే కూలీ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. సదాపాకు నూనె ఇంట్లో కాచి మందు పేరుతో సీసాల్లో అమ్మాలంటే ఆయుష్ తయారీ లైసెన్సు తప్పనిసరి.